ఖానాపూర్‌లో పారబోసే నీళ్లు

నేను ఈ యాత్రలో అడుగుపెట్టిన ఊళ్ళన్నిటికీ, ఒక్క మంథని తప్ప, విమల నాకంటే ఆరు నెలలు ముందే వెళ్ళి వచ్చింది. దారి గురించి, తిండి గురించి, మనుషుల గురించి ఏం చెప్పినా ముందు ఆ మాట చెప్పుకోవాలి. లేకపోతే నేను మంచి మనసుతో ఊళ్ళు చూసి వచ్చానని మీరు పొరబడతారు.

కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే నలభై ఏడేళ్ళ ఆడది గంజాయి ఆకు కోసం కరీంనగరం, ఆదిలాబాదు జిల్లాలు తిరుగుతుందంటే మా వీధిలో నవ్వారు. మా వారు నవ్వలేదు గానీ, "ఎవరైనా అడిగితే కొండగట్టు మొక్కు అని చెప్పు" అన్నారు. నేనలా చెప్పలేదు. ఆబ్కారీ వాళ్ళిచ్చిన అనుమతి చిట్టీ నా సంచిలో ఉంది, చేసే పనిలో సిగ్గుపడాల్సింది లేదు. సిగ్గుపడాల్సింది తర్వాత వచ్చింది, దాని సంగతి తర్వాత.

గంజాయిలో మత్తు ఉందని అందరికీ తెలుసు. నొప్పి తగ్గించే గుణం ఉందని పల్లె వైద్యులకు తెలుసు. ఈ రెండూ ఒకటేనా, వేర్వేరా అన్నది మా ప్రశ్న. వేర్వేరైతే మత్తును వదిలేసి నొప్పి తీసేదాన్ని మాత్రం పట్టుకోవచ్చు. మత్తు ఆకు జిగురులో ఉండిపోతుందనీ, నొప్పి తీసేది నీళ్లలోకి దిగుతుందనీ మా ఊహ. అందుకని ఆకును నీళ్లలో ఉడికించి, నీళ్లు ఉంచుకుని, ఆకును పారేసేవాళ్ళం. సారాయిలో నానబెట్టడం పాత పద్ధతి. కానీ రోగి నిద్రపోయింది ఆకు వల్లనా సారాయి వల్లనా అని పరిశోధనకు డబ్బిచ్చే కమిటీ పెద్దలు అడ్డుప్రశ్న వేస్తారు.

"మా ఊహ" అన్నాను. మొదట అది నాది. విమలా నేనూ ఒకే రోజు ఉద్యోగంలో చేరి, ఎనిమిదేళ్ళు ఒకే బల్ల దగ్గర పనిచేశాం. తర్వాత ఆమె ఒక వైద్య కళాశాలకు మారింది, నా ఊహ కూడా ఆమెతో మారింది. నాకు ఎలుకలు మిగిలాయి. ఆమెకు ఒక ఆసుపత్రి వార్డు దొరికింది. రాచపుండుతో బాధపడే ఆరుగురికి రోజూ రెండు పూటలా గంజాయి కషాయం ఇచ్చి చూడటానికి అనుమతి వచ్చింది. కషాయం పనిచేస్తోందో లేదో తెలియాలి కదా, అందుకని వాళ్ళ నొప్పి మాత్రలు సగానికి తగ్గించారు. వేసవిలో కమిటీ కూర్చుని పరిశోధన పథకాన్ని మా ఇద్దరిలో ఒకరికి ఇస్తుంది. ఒకరికే.

విమల వార్డు నుంచి ఫలితం రాకముందే, పల్లెలో నిజంగా పనిచేసే మందును కళ్ళారా చూసి రాసుకురావాలని నేను బయలుదేరాను. మాఘమాసం, చలి ఇంకా పోలేదు.

కరీంనగరం

బస్టాండు పక్క హోటల్లో భోజనం పన్నెండణాలని ముసలి సర్వరు అన్నాడు, డెబ్భై అయిదు నయాపైసలని గోడ మీద రాసి ఉంది. రెండూ ఒకటేనని నాకు తెలుసు, అతనికి తెలియదు, తెలియజెప్పబోతే "మీరే ఎక్కువిస్తున్నరేమో జూసుకోండ్రి" అన్నాడు. జొన్నరొట్టె, వంకాయకూర. రొట్టె నా అరచేతికి రెండింతలుంది. మా తెనాలి వైపు అన్నం లేని భోజనాన్ని ఉపవాసం కింద లెక్కేస్తాం. ఇక్కడ రెండు రొట్టెలు తిన్నవాడు సాయంత్రం దాకా మళ్ళీ తిండి ఊసెత్తడు.

గంజాయి అమ్మే లైసెన్సు దుకాణం నడిపేది ఖాసిం సాబ్ అనే పెద్దాయన. కటకటాల వెనక పరుపు మీద కూర్చుని, చిన్న త్రాసులో తులాల లెక్కన ఆకు తూస్తున్నాడు. నేను నోరు తెరవకముందే, "విమలమ్మ పంపిందా?" అన్నాడు.

"ఎవరూ పంపలేదు. నేనే వచ్చాను."

"గట్లనా. ఆమె గూడ గిదే చిట్టీ పట్టుకొచ్చింది. మా ఇంట్ల ఖిచిడీ తిన్నది. మా బేగం ఇంక యాది జేస్తది."

నాకు చాయ్ ఒక్కటే వచ్చింది. చాయ్ బాగానే ఉంది, కానీ ఖిచిడీ తిన్నవాళ్ళ గురించి వింటూ తాగే చాయ్ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. విమలది హన్మకొండ. ఈ మాటలు ఆమె పుట్టింటి మాటలు. నేను నోరు విప్పగానే "బెజవాడా?" అంటారు, కాదు తెనాలి అంటే "గదే గదా" అంటారు.

నొప్పికి ఆకు కొనేవాళ్ళెవరని అడిగాను.

"పొగకు కొనేటోళ్లు మస్తుమంది. నొప్పికి కొనేటోళ్లు తక్కువ. బెల్లంపల్లి బొగ్గుబాయిల నడుమిరిగినోడు ఒకడున్నడు, మల్లయ్య. వాని అత్త ఖానాపూర్ల నెయ్యిల ఏందో జేసి పంపుతదంట. మస్తు పనిజేస్తదంటరు."

"ఆకు మీ దగ్గరే కొంటుందా?"

"నా కాడ ఎందుకు కొంటది? నిర్మల్ దుకాణంల కొంటది. వాని ఆకు మంచిదంట." పెద్దాయన త్రాసును కొంచెం గట్టిగానే కింద పెట్టాడు. "నా ఆకుకేమొచ్చింది మరి?"

ఆ ఊళ్ళో నాకు నచ్చిన మనిషి అతనొక్కడే.

మంథని

మంథని బస్సులో నా పరువు పోయింది. దారిలో సేకరించే గంజాయి కొమ్మలు చెడిపోకుండా దాచడానికి ఒక సీసాలో కాలేజీ ప్రయోగశాల సారాయి తెచ్చుకున్నాను. పెద్దపల్లి దాటాక గుంతలో బస్సు ఎగిరింది, బిరడా ఊడింది, బస్సంతా వాసన. కండక్టరు నేరుగా వెనక సీటులో తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన దగ్గరికి వెళ్ళాడు.

"తాతా, బస్సుల సారా బంద్ అని ఎరుకలేదా?"

"నాది కాదురా. నాదైతే గింత మంచి వాసనెట్లొస్తది?"

నాదేనని ఒప్పుకున్నాను. అది తాగేది కాదు, చెట్టు కొమ్మలు నానబెట్టేది అని వివరించాను. బస్సులో అందరూ నావైపు తిరిగారు.

"కొమ్మలకు పోస్తరా?" అన్నాడు ముసలాయన. "మనుషులేం పాపం జేసిండ్రమ్మా? చలి గూడ ఉన్నది."

కండక్టరు సామాను టిక్కెట్టు కొట్టించాలన్నాడు. సీసాకు టిక్కెట్టేమిటని వాదించాను. వాసన అన్ని సీట్లూ ఆక్రమించిందిగదా అన్నాడు. ఇరవై నయాపైసలు ఇచ్చాను. ఇలాంటివి విమలకు జరగవు. జరిగినా ఆమె నవ్వేస్తుంది, అందరూ నవ్వుతారు, చివరికి కండక్టరు వాళ్ళింటికి భోజనానికి పిలుస్తాడు.

మంథనిలో గోదావరికి దగ్గరగా ఒక వైద్యశాస్త్రిగారి ఇల్లు. తాటాకు గ్రంథాలు చదివి మందు చేసే మనిషి. మొదట నేనడిగిన ప్రశ్న మందు గురించి కాదు.

"హైదరాబాదు నుంచి విమల అనే ఆవిడ వచ్చిందా?"

"ఎవ్వరు రాలేదమ్మా. వానకాలమంతా నేను కాశీల ఉన్న."

ఆ మాట విన్నాక పచ్చిపులుసు కూడా తియ్యగా అనిపించింది. మా వైపు చారు మరగకపోతే చారు కాదు. ఇక్కడి పచ్చిపులుసు పొయ్యి మొహమే చూడదు. చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపి పోస్తారు. రెండోసారి అడిగి పోయించుకున్నాను.

భోజనమయ్యాక శాస్త్రిగారు గ్రంథం విప్పారు. "ముందుగాల ఆకు కడగవలె. ఒకసారి కాదు, నీళ్లు తేటగ వచ్చేదాక. కడిగిన నీళ్లు విడిచిపెట్టవలె. శుద్ధి కాని ఆకు మందుకు పనికిరాదు."

ఇక్కడ నేను ఆగి వినాల్సింది. కానీ గుమ్మంలో చెప్పులు ఎంత దూరంలో విడవాలో ఆ ఇంట్లో నాకు మూడుసార్లు చెప్పారు. ఆ కోపం ఇంకా పోలేదు. "ఆకుకు కూడా మడీ మైలా ఉంటాయా శాస్త్రిగారూ?" అన్నాను. ఆయన ఏదో చెప్పబోయారు, నేను ఇంకో ప్రశ్న వేశాను. ఆయన శ్లోకం చదివితే నేను రసాయనశాస్త్రం చదివాను. గంట గడిచింది.

"మీరు అడుగుతలేరమ్మా," అన్నారాయన చివరికి, "కొట్లాడుతున్నరు." గ్రంథానికి తాడు చుట్టేశారు.

విమల రాని ఒకే ఒక్క చోటును నేను అలా వాడుకున్నాను.

బెల్లంపల్లి

పెద్దపల్లిలో రైలెక్కితే గోదావరి మీద వంతెన దాటాక గాలి మారుతుంది. బొగ్గుల పొయ్యిల పొగ. బెల్లంపల్లిలో దిగేసరికి తెల్లచీర అంచున నల్లగీత పడింది. క్వార్టర్లు వరుసగా ఉన్నాయి. మల్లయ్య ఇంటికి కుడిపక్క ఉత్తరాది కుటుంబం, ఎడమపక్క ఒరియా వాళ్ళు, ఎదురుగా మా గుంటూరు వైపు ఆవిడ. "పదేళ్ళయినా వీళ్ళ మాట నాకు రాలేదండీ" అని ఆవిడ నాతో మొరపెట్టుకుంది. అప్పుడే వాళ్ళ పిల్ల వచ్చి "అవ్వా, ఆకలైతుంది" అంది. ఆవిడ నా మొహం చూడలేదు.

మల్లయ్యకు నలభై ఏళ్ళుంటాయి. మూడేళ్ళ కిందట గనిలో బండ జారి నడుం మీద పడింది. నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఇటు తిరగమంటే ముందు భార్య పోసక్క చేయి పట్టుకోవాలి, తర్వాత పళ్ళు బిగించాలి, తర్వాత కొంచెంసేపు ఏమీ మాట్లాడకూడదు. ఆ తిరగడం చూశాక నాకు పుస్తకం తెరవడానికి కాసేపు పట్టింది.

"విమలక్క వచ్చినప్పుడు గూడ గిట్లనే ఉండె," అంది పోసక్క. "చేయి పట్టుకోని ఏడ్చింది, పాపం."

నాకు ఏడవడం రాదు. నేను అడగడం మొదలుపెట్టాను. నొప్పి ఎక్కడ మొదలవుతుంది, ఎటు పాకుతుంది, చలికి పెరుగుతుందా, నెయ్యి ఎంత తింటావు, తిన్న ఎంతసేపటికి తేడా తెలుస్తుంది.

"నన్నెవ్వలు గిన్ని అడగలే," అన్నాడు మల్లయ్య. "డాక్టర్లు గూడ అడగలే."

ఎందుకో తెలియదు గానీ ఆ మాటను నా పుస్తకంలో అలాగే రాసుకున్నాను.

పోసక్క ఒక పింగాణీ గిన్నెలోంచి పచ్చని నెయ్యిని గోరంత తీసి బెల్లంముక్కలో పెట్టి ఇచ్చింది. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. గంటన్నర గడిచేసరికి మల్లయ్య ఎవరి చేయీ పట్టుకోకుండా మాకేసి తిరిగాడు. రొట్టె అడిగాడు.

"నొప్పి పోయిందా?"

"పోదమ్మా. గా మూలకు పోయి కూసుంటది. నా మీదికెల్లి లేస్తది, గంతే."

"మత్తుగా ఉంటుందా?"

"జరంత. నవ్వొస్తది." పోసక్కను చూసి నిజంగానే నవ్వాడు. "నడుమిరిగినోనికి నవ్వొస్తే తప్పా?"

"ఒక్కొక్కనాడు మరీ నవ్వుతడు," అంది పోసక్క. "నా వంట గురించి నవ్వుతడక్కా. గది నొప్పిలేక కాదు, బుద్ధిలేక."

మత్తునూ మందునూ విడదీయాలని మేమిద్దరం ఇన్నాళ్ళూ తంటాలుపడ్డాం. ఇక్కడ రెండూ ఒకే గోరంత నెయ్యిలో కలిసి ఉన్నాయి. అయినా నా ఊహ తప్పని అప్పటికి తోచలేదు. నెయ్యిలో కూడా నీళ్ల కషాయమే కలుపుతారనుకున్నాను.

"మా అవ్వ కాడికి పో అక్కా," అంది పోసక్క. "గురువారం పొద్దుగాల కాస్తది. విమలక్క గూడ పోయింది."

తెలుసు, అన్నాను.

ఖానాపూర్

మంచిర్యాల నుంచి లక్సెట్టిపేట మీదుగా ఖానాపూర్ దాకా బస్సు ప్రయాణమంతా టేకుచెట్లు, దుమ్ము. టేకాకులు విస్తరంత ఉంటాయి. దారిలో ఒకచోట ఆ ఆకులోనే ఉడకబెట్టిన కందికాయలు అమ్మారు, పది నయాపైసలకు ఒళ్ళో పట్టనన్ని. పొట్టు ఎక్కడ ఊయాలో తెలియక మర్యాదగా సంచిలో వేసుకుంటూంటే, పక్కసీటు ఆమె నా సంచి లాక్కుని కిటికీలోంచి దులిపేసింది. పొట్టుతో పాటు నా కలం కూడా పోయింది. అక్కణ్ణుంచి పెన్సిలుతో రాశాను.

పోసక్క తల్లి పేరు రాజవ్వ. పొలాల పక్కన రెండు గదుల ఇల్లు, వాకిట్లో బర్రె. మనిషి ఎండిపోయినట్టుంది గానీ చేతులు గట్టివి. బుధవారం సాయంత్రం చేరాను. ఎవరని అడగలేదు, కాళ్ళకు నీళ్లిచ్చింది.

"విమలమ్మ దోస్తువా?"

"ఒకప్పుడు."

"ఒకప్పుడు దోస్తంటే ఇప్పుడేంది?"

బస్సు గురించి ఏదో చెప్పి మాట మార్చాను. ఆమె మారనివ్వలేదు. "అలిగినవా ఆమె మీద?" అంది. లేదన్నాను. "అలిగినోళ్లు గట్లనే అంటరు," అని జొన్నరవ్వతో వండిన గట్క, మజ్జిగ పెట్టింది. విమల ఎన్ని ముద్దలు తిన్నదో, ఏ పాట పాడిందో, బర్రెకు ఏ పేరు పెట్టిందో తింటున్నంతసేపూ విన్నాను. ఆ బర్రెకు ఆరు నెలలుగా గౌరి అని పేరు. అంతకుముందు ఏ పేరూ లేదట.

గురువారం పొద్దున్నే రాజవ్వ స్నానం చేసి, నిర్మల్‌లో కొన్న ఆకు మూట విప్పింది. పుల్లలూ గింజలూ ఏరమని నా ముందు పోసింది. విమల ఎంత ఏరిందో అడగలేదు గానీ అంతకంటే ఎక్కువ ఏరాలని ఏరాను. తర్వాత ఆకును ఒక పెద్ద మట్టికుండలో వేసి, కాగిన నీళ్లు పోసి, గరిటెతో కలియబెట్టింది. నీళ్లు చూస్తుండగానే ముదురు చాయ్ రంగుకు తిరిగాయి. నా ప్రాణం లేచివచ్చింది. అదే రంగు, అదే వాసన. రెండేళ్ళుగా నా బల్ల మీద గాజుపాత్రల్లో నేను చూసుకుంటున్న నీళ్లే.

రాజవ్వ కుండకు గుడ్డ కట్టి, పెంటకుప్ప వైపు ఎత్తింది.

"ఆగు, పారబోయకు," అని సీసా పట్టుకుని పరుగెత్తాను.

కుండ ఎత్తింది ఎత్తినట్టే ఆమె నన్ను చూసింది. "నీగ్గూడ నీళ్లే గావాల్నా?"

"నాకు కూడా అంటే?"

"విమలమ్మ గూడ గివే నీళ్లు నింపుకున్నది. రెండు సీసలు. ఎట్ల కాస్తరో రాసుకోని, గిట్లనే మా ఊర్ల గాసుకుంట అని పోయింది."

"నువ్వు చెప్పలేదా, ఇవి పనికిరావని?"

"ఆమె అడగలే. నేను ఏది జూపెడితే దానికి తల ఊపింది. సదువుకున్నది, ఎరుకే ఉంటదనుకున్న. నీళ్లు నింపుకోని మొక్కి పోయింది. నెయ్యి గాసేదాక గూడ ఉండలే, బస్సున్నదని."

"ఈ నీళ్లు నువ్వేం చేస్తావు?"

"ఏం జేస్త, పెంటల పోస్త. బర్రె మూతి పెడితే దాని కడుపు గూడ చెడుతది. గౌరీ, జరుగు."

నేను ఆ వాకిట్లో కూర్చుని నవ్వాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాను. విమల, అందరికీ ఇష్టమైన విమల, పెంటకుప్పలో పోసే నీళ్లను గుడ్డలో చుట్టుకుని, ఒళ్ళో పెట్టుకుని పట్నం తీసుకెళ్ళింది. అన్నీ తెలిసినట్టు తల ఊపి. ఎన్నో నెలలుగా నాకు అంత హాయైన పూట లేదు.

"ఏందట్ల నవ్వుతున్నవ్," అంది రాజవ్వ, "ఇంక నెయ్యి గూడ తినకముందే?" కుండ వంచి నీళ్లన్నీ పారబోసి, నా చేతికేసి చూసింది. "మరి నీ సీస దేనికి?"

అప్పుడు నవ్వు ఆగింది.

ఆమె ఆకును ఇంకో రెండుసార్లు కడిగింది. నీళ్లు తేటగా వచ్చేదాకా. మంథని శాస్త్రిగారు అదే మాట అన్నారు, నేను చెప్పుల కోపంతో వినలేదు. పిండిన ఆకును వెన్న కాచిన నెయ్యిలో వేసి, నిప్పుల మీద పొగ రాకుండా, మాడకుండా పొద్దెక్కేదాకా కాచింది. నెయ్యి పచ్చబడింది. గుడ్డలో వడగట్టి, ఆ పిప్పిని అప్పుడు పారేసింది.

జిగురు నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఈ పాఠం మొదటి సంవత్సరం ఆడపిల్లలకు ఏటా నేనే చెబుతాను. మత్తుకు భయపడి మేము ఆకును పారేశాం. మందు దాంతోనే పోయింది. తలనొప్పీ వాంతీ తెచ్చే భాగాన్ని మాత్రం జాగ్రత్తగా వడగట్టి, సీసాల్లో పోసి, చీటీలు అంటించి బీరువాలో పెట్టుకున్నాం. చదువుకోని వాళ్ళెవరూ ఈ పొరపాటు చేయలేరు. దీనికి మా అంత చదువు కావాలి.

ఇంకొకటి కూడా అక్కడే, ఆ వాకిట్లోనే తట్టింది. తర్వాతెప్పుడో తట్టిందని రాస్తే అబద్ధం. విమల వార్డులో ఆరుగురు సగం మాత్రలతో, పూటపూటకూ ఈ నీళ్లు తాగుతున్నారు. మల్లయ్య ఇటు తిరగడం చూసి అప్పటికి రెండు రోజులే అయింది.

బయలుదేరేటప్పుడు రాజవ్వ చిన్న డబ్బాలో నెయ్యి పెట్టి ఇచ్చింది. "గీ సంగతి విమలమ్మకు జెప్పు. పాపం, రెండు సీసలు మోసుకపోయింది."

చెబుతానన్నాను.

ఆదిలాబాద్

నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ చేరాను. మా వైపు ఇలాంటి చలి ఉండదు. మనుషులు గొంగళ్ళు కప్పుకుని గోడలకు ఆనుకుని ఎండ కాగుతారు, ఎండ జరిగితే వాళ్ళూ జరుగుతారు. హోటల్లో ఉప్మాకు బదులు అటుకులు, పైన పచ్చికొబ్బరి, నిమ్మకాయ. ప్లేటు పదిహేను నయాపైసలు. వడ్డించే అతను "ఇంకోటి పాహిజే బాయీ?" అని సగం మరాఠీలో అడుగుతాడు. పాహిజే అంటే కావాలా అని రెండో ప్లేటు వచ్చాక తెలిసింది, ఎందుకంటే మర్యాదకు తల ఊపాను.

శనివారం పోస్టాఫీసుకు వెళ్ళి అయిదు నయాపైసల కార్డు కొన్నాను. రాయాల్సింది నాలుగు ముక్కలు. నీళ్లు పారబొయ్యి, ఆకు ఉంచు, నెయ్యిలో కాచు, వార్డులో మాత్రలు మళ్ళీ పూర్తిగా ఇప్పించు. రాశాను. చిరునామా కూడా రాశాను.

కిటికీలో గుమాస్తా, "డబ్బాల ఎయ్యుండ్రి బాయీ, డాక్ పోతది," అన్నాడు.

"వేస్తాను."

వేయలేదు. ఎందుకు వేయలేదో నాకు స్పష్టంగా తెలుసు. వార్డు ఆమె చేతిలో ఉంది. కార్డు అందిన వారానికి నెయ్యి కాచి, నెల తిరక్కుండా ఫలితం రాసేస్తుంది. నేను మళ్ళీ ఎలుకల దగ్గరే. ఊహ నాదైనప్పుడు ఏం మిగిలింది నాకు? ఇప్పుడు ఇది కూడా ఇచ్చెయ్యాలా? పైగా ఆమె అడగలేదు, తల ఊపింది. అడిగింది నేను. సీసాతో పరుగెత్తి నవ్వులపాలైంది నేను. ఆ వాదనంతా పోస్టాఫీసు మెట్ల మీద నిలబడి నాతో నేనే వాదించుకుని గెలిచాను. వాదనలో నేను సాధారణంగా ఓడను.

కార్డు సంచిలో పెట్టుకున్నాను.

మళ్ళీ హైదరాబాదు

సోమవారం ఇంటికి చేరాను. కాలేజీకి సెలవు పొడిగించి అయిదు రోజులు కూర్చుని నివేదిక రాశాను. ముందు చూసింది నేనేనన్నదాంట్లో ఎవరికీ అనుమానం రాకూడదని, మొదటి పేజీలోనే రాశాను, ఖానాపూర్‌లో ఫలానా గురువారం పొద్దున ఈ పద్ధతిని స్వయంగా చూశానని. తారీఖు కింద గీత కూడా గీశాను. శనివారం దాన్ని కమిటీ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాను. విమలకు ఉత్తరం రాసింది ఆ తర్వాత సోమవారం. వాళ్ళ కాలేజీ మా ఇంటి నుంచి బస్సులో ఇరవై నిమిషాలు.

మంగళవారం ఉత్తరం ఆమెకు అందింది. బుధవారం ఆమె మనిషిని పంపింది, వార్డుకు రమ్మని. తిట్టడానికి పిలిచిందనుకున్నాను. తిడితే బాగుండుననుకుంటూ వెళ్ళాను. ఆమె తిడితే నేనూ నాలుగు అనొచ్చు.

విమల గుమ్మంలోనే ఉంది. కొంచెం చిక్కింది. "ఉత్తరం అందిన గంటకే సీసాలన్నీ పారబోయించిన," అంది. "పెద్ద డాక్టరుతో కొట్లాడి మాత్రలు పూర్తిగ ఇప్పించిన. నెయ్యి సంగతి నువ్వొచ్చినంక చూద్దామన్న. పద్ధతి నీదని కమిటీకి గూడ రాసిన." విమల ఎవరితోనైనా కొట్లాడగా నేను ఎన్నడూ చూడలేదు.

ఆమె చేతిలో నా నివేదిక ఉంది. కమిటీ వాళ్ళు ఆమెకొక ప్రతి పంపారు. మొదటి పేజీ పైకి ఉంది.

మూడో మంచం మీద జగిత్యాల నుంచి వచ్చిన లచ్చవ్వ అనే ముసలామె. నడుం ఎముకల్లోకి పాకిన పుండు. విమల నన్ను చూపించి, నీళ్లు మాన్పించింది ఈమేనని చెప్పింది. లచ్చవ్వ నా చేయి వెతికి పట్టుకుంది. ఇటు తిరగడానికి ప్రయత్నించి, మానుకుంది.

"నీ కడుపు సల్లగుండ. గవ్వి తాగలేక సచ్చిన బిడ్డా. తాగుతే కక్కుడు, కక్కినంక నొప్పి. నిన్న మాత్ర ఇచ్చిండ్రు, జర కన్నంటుకున్నది." కాసేపు ఊపిరి తీసుకుంది. "గా నీళ్లు పనికిరావని నీకెన్నడెరుకైంది?"

మాత్ర ఏ వేళకిచ్చారని నేను ఎదురు అడగబోయాను.

"నిన్ననే అవ్వా," అంది విమల నా పక్కనుంచి. "నిన్ననే ఎరుకైంది, నిన్ననే ఉత్తరం రాసింది." నివేదికను చంకలోకి మడిచి, లచ్చవ్వ దుప్పటి సరిచేసింది. నావైపు చూడలేదు.

నాకు తెలిసిన ఇన్నేళ్ళలో విమల అబద్ధమాడగా వినడం అదే మొదటిసారి. అది కూడా నాకంటే బాగా ఆడింది.

పథకం నాకే వచ్చింది. లచ్చవ్వ చైత్రం దాకా ఉంది, చివరి మూడు వారాలు రాజవ్వ పద్ధతిలో కాచిన నెయ్యితో. ఆ మూడు వారాల్లో రోజూ ఆమె దగ్గర కూర్చున్నాను, చాలాసార్లు చెప్పబోయి చెప్పలేకపోయాను. విమల చెప్పిన జవాబే ఆమెకు మిగిలిపోయింది. కనుక ఇక్కడ సరిచేస్తున్నాను. నాకు గురువారం పొద్దున తెలిసింది. పదకొండు రోజుల తర్వాత రాశాను.